మనస్సునకు స్థాననిర్ణయము

మనుష్యుని ప్రవర్తనమునకు కారణము చెప్పబూనినవారు రెండు తెగలుగా చీలిపోవుట క్రొత్త గాదు. అవయవములు కూడినంతమాత్రముననే అవయవి యగుచున్నదా, లేక అవయవములకంటె వేఱైన వస్తువుగా అవయవి యొకటి యున్నదా యను ప్రశ్నపై మన నైయాయికులును బౌద్ధులును శతాబ్దముల తరబడి తర్కించిరి. పటము దారములకంటె భిన్నమని వారును, దారములను మించి పటమను వస్తువు లేదని వీరును పట్టుపట్టిరి. ఆ వాదము విద్వత్సభలలోను తాళపత్రములపైనను నడచినది గనుక అందెవ్వరి నెత్తురును చిందలేదు. ఆ ప్రశ్నయే పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా ఖండమున మనస్తత్త్వశాస్త్రమును ఆవేశించినపుడు మాత్రము పావురములు, కుక్కలు, కోతులు, ఎలుకలు, యుద్ధమున తలలు పగిలిన సైనికులు సాక్షులుగా వచ్చి నిలువవలసిన వారైరి. మనస్సును భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమునకు స్థానము నిర్ణయించి, దానినుండి ప్రవర్తనమును వివరింపవచ్చు ననువారిని ఖండవాదులనియు, ప్రవర్తించునది మనుష్యుడే కాని యతని భాగములు కావనువారిని సమగ్రవాదులనియు నీ వ్యాసమున పిలిచెదను. వారి కలహము పలు రంగములలో నడచినది. అన్నిటిలో దీర్ఘమైనది మెదడును గూర్చి నడచిన కలహము.

దానికి నాంది పలికినవాడు వియన్నా నగరమున వైద్యము చేయుచుండిన ఫ్రాంజ్ యోసెఫ్ గాల్. పాఠములు కంఠస్థము చేయుటలో తన్ను మించిన సహాధ్యాయులకు కన్నులు ముందుకు పొడుచుకొని యుండుట నాతడు బాల్యముననే కనిపెట్టెను. పెరిగి వైద్యుడైన పిదప ఆ గమనికనే పట్టుకొని, మాటల జ్ఞాపకమునకు స్థానము కన్నుల వెనుకనున్న మెదడు భాగమే యని నిశ్చయించెను. అట్లే కపటము, సంగీతము, శిశువాత్సల్యము మొదలుగాగల 27 శక్తులకు మెదడుపై 27 స్థానములను పంచిపెట్టి, ఏ శక్తి యధికమో యచ్చోట మెదడు బలిసి కపాలమును పైకి నెట్టుననియు, కావున తల తడిమి స్వభావము చెప్పవచ్చుననియు బోధించెను. ఈ బోధ మతమునకు ప్రమాదమని తలచిన చక్రవర్తి 1801 సంవత్సరాంతమున నాతని యుపన్యాసములను నిషేధింపగా, 1805లో నతడు వియన్నాను విడిచి, ఊరూర నుపన్యసించుచు, 1807లో పారిస్ చేరి యక్కడనే స్థిరపడెను. బుఱ్ఱ తడిమి జాతకము చెప్పు విద్య తరువాత సంతల కెక్కినది గనుక గాల్ పేరు నేడు నవ్వులపాలైనది. కాని మెదడును ఇష్టము వచ్చినట్లు తరుగు నాటి యాచారమును విడిచి, నాడీతంతువుల వెంట మెల్లగా విప్పుచు చూపిన శరీరశాస్త్రవేత్తగా నతని నేర్పును ప్రత్యర్థులును ఒప్పుకొనిరి. వెదకదగిన ప్రశ్ననే యతడు వేసెను, ప్రత్యుత్తరమునకు తొందరపడెను.

అతనిని ఖండింప బూనిన పియేర్ ఫ్లూరాన్స్ తలలు తడుమలేదు, తెరచెను. 1820 దాటిన కొలది యేండ్లలో నతడు పావురములు, కోళ్లు, కుందేళ్లు మున్నగువాని మెదడును కొంచెము కొంచెముగా తొలగించుచు, చిన్నమెదడు పోయినచో నడకలో పొందిక తప్పుననియు, మెదడు మొదలున వెన్నుపాముతో కలియుచోట గాయపరచినచో నూపిరి నిలిచిపోవుననియు కనుగొనెను. ఇంతవరకు నతడును ఖండవాదియే. పెద్దమెదడు దగ్గఱకు వచ్చుసరికి మాత్రము, ఏ వైపునుండి కోసినను చూపు, వినికిడి, ఇచ్ఛ యన్నియు నొక్కమాఱే సన్నగిల్లుచున్నట్లును, కోలుకొనునపుడు నన్నియు నొక్కమాఱే కోలుకొనుచున్నట్లును అతనికి కనబడెను. కావున పెద్దమెదడు పని యవిభాజ్యమని తేల్చి, 1842లో గాల్ మతముపై ఖండనగ్రంథము ప్రకటించి, దానిని దాదాపు రెండువందల యేండ్లక్రిందట గతించిన డెకార్ట్‌కు అంకితమిచ్చెను. ఆత్మ ముక్కలు కాదన్న తత్త్వవేత్తకు పావురముల సాక్ష్యమును సమర్పించుటలో నొక లోపము కలదు: మనుష్యుని పెద్దమెదడు పావురపు పెద్దమెదడు కాదు. అయినను పరిశోధనాపద్ధతి కచ్చితమైన దగుటచేత పండితలోకము ముప్పదియేండ్లకు పైగా ఫ్లూరాన్స్ వైపే నిలిచెను.

పారిస్ నగరమున శస్త్రవైద్యుడు పాల్ బ్రొకా 1859లో స్థాపించిన మానవశాస్త్ర సమాజమునందు, 1861 వసంతకాలమున, మెదడు పరిమాణమునకును బుద్ధికిని సంబంధము కలదా యను చర్చ సాగుచుండెను. మెదడు ఏకముగా పనిచేయునని గ్రాసియోలే వాదింపగా, వాక్కునకు మాత్రము ముందుభాగమున నిశ్చయముగా స్థానము కలదని ఒబుర్తాన్ ప్రతిఘటించెను. ఈ ఒబుర్తాన్‌కు మామయగు బుయ్యో సామాన్యుడు కాడు. 1825 మొదలు ఆ మాటనే చెప్పుచు, మెదడు ముందుభాగము చెడియుండియు మాట చెడని రోగి నెవ్వరైన చూపినచో 500 ఫ్రాంకు లిచ్చెదనని పందెము వేసిన పట్టుదల యాయనది. మామ పందెమును అల్లుడు భుజమున కెత్తుకొని, మాట పోయిన రోగి మెదడును తెరచి చూచినపుడు ముందుభాగము చెడియుండనిచో తన మతమును విడిచెదనని సభలో ప్రతిజ్ఞ చేసెను.

ఆ ప్రతిజ్ఞ వేడి చల్లారక మునుపే, ఏప్రిల్ 11వ తేదీన, పారిస్ చెంతనున్న బిసేత్ర్ ఆసుపత్రిలో బ్రొకా చూచుచుండిన శస్త్రచికిత్సా విభాగమునకు, కుడికాలు కుళ్లుపట్టిన యొక రోగిని చేర్చిరి. అతని పేరు లెబోర్న్, వయస్సు 51. చిన్ననాటినుండి మూర్ఛరోగి, ముప్పదవ యేట మాట పడిపోగా నచ్చట చేరి, అప్పటికి 21 సంవత్సరములుగా నచ్చటనే యుండెను. ఏమి యడిగినను ‘టాన్, టాన్’ అనుటయే యతని ప్రత్యుత్తరము. ఎదుటివారు గ్రహింపజాలనపుడు మాత్రము కోపము పొంగి దైవదూషణముతో కూడిన తిట్టొకటి స్పష్టముగా వెలువడెడిది. ఆసుపత్రిలో నందఱు నతనిని టాన్ అనియే పిలిచిరి. ఇచ్చట నెన్నేండ్లుగా నున్నావని బ్రొకా యడుగగా, నాతడు చేయి నాలుగుమాఱులు తెరచి, పిదప నొక వ్రేలు చూపెను. అనగా లెక్క తప్పలేదు. బ్రొకా ఒబుర్తాన్‌ను పిలిపించి, ఈ రోగి మీ ప్రతిజ్ఞకు తగినవాడేనా యని విచారించి, ఔననిపించుకొనెను. 17వ తేదీన లెబోర్న్ మరణించెను. మఱునాడే యతని మెదడు సభ ముందుండెను. ఎడమవైపు ముందుభాగమున కోడిగ్రుడ్డు పట్టునంత గుంట పడియుండెను.

బ్రొకా యతనిని సజీవుడుగా నెఱిగినది ఆరు దినములు. ఆ యాఱు దినముల పరిచయము మనస్తత్త్వశాస్త్రగతిని మార్చివేసెను. పాఠ్యగ్రంథములలో నూటయేబది యేండ్లు ‘టాన్’ అను రెండక్షరముల ధ్వనిగా మాత్రమే బ్రతికిన యా రోగి మొరే అను పట్టణమున నొక బడిపంతులుకు జన్మించినవాడనియు, మాట పడిపోకమునుపు పాదరక్షలు కుట్టుటకు వలయు కొయ్యయచ్చులు చేయు పనివాడనియు 2013లో గాని లోకమునకు తెలియలేదు. ఇది బ్రొకాను నిందించుటకు చెప్పుట లేదు. అతడు చూడదలచినది మెదడులోని గుంటను, అది చూచెను. ఆ యేటనే లెలాంగ్ అను 84 యేండ్ల వృద్ధుడు, నాలుగైదు మాటలు తప్ప తక్కినవి పోయినవాడు, అతని చికిత్సలోనికి వచ్చి మరణింపగా, వాని మెదడులోను దాదాపు ఆ చోటనే చెడుగు కనబడెను. ఇట్టి రోగులు మఱికొందఱు చేరిన పిదప, మనము మాటలాడునది ఎడమ మెదడుతో నని 1865లో బ్రొకా ప్రకటించెను.

తరువాత ఖండవాదమునకు పట్టపగ్గములు లేకపోయెను. 1870లో బెర్లిన్‌లో ఫ్రిట్ష్, హిట్జిగ్ అను ఇరువురు యువకులు, ప్రయోగశాలలో చోటు లేమిచేత ఒక యింటిలోనే, కుక్క మెదడు ఉపరిభాగమును స్వల్ప విద్యుత్తుతో తాకి, తాకిన చోటును బట్టి ఎదుటివైపు కాలో ముఖమో కదలుట చూపిరి. 1874లో జర్మను వైద్యుడు వెర్నికే, మాట పలుకుటకు బ్రొకా చెప్పిన చోటొకటి యున్నట్లే మాట గ్రహించుటకు వెనుకగా వేఱొకటి కలదని తేల్చి, రెంటిని కలుపు త్రోవను గీచి చూపెను. ఇంగ్లాండున డేవిడ్ ఫెరియర్ కోతులపై ప్రయోగములు చేసి, 1876లో తన గ్రంథమున మెదడు పటమును ప్రకటించెను. పటములు గీయుట యొక వ్యసనమైనది. వానిని చూచినవారికి మనుష్యుడు కొన్ని కచేరీల సముదాయమనియు, ప్రవర్తనమన్నది వాని నడుమ తిరుగు కాగితములనియు తోచియుండిన నాశ్చర్యము లేదు.

సమగ్రవాదుల పక్షమున స్ట్రాస్‌బుర్గ్ ఆచార్యుడు ఫ్రీడ్రిష్ గోల్ట్స్ నిలిచెను. రెండు పక్షములును ముఖాముఖి తలపడినది 1881 ఆగస్టు మాసమున, మూడువేలకు పైగా వైద్యులు కూడిన లండన్ అంతర్జాతీయ వైద్యమహాసభలో. గోల్ట్స్ తన వెంట నొక కుక్కను తెచ్చెను; దాని పెద్దమెదడున రెండువైపుల చాల భాగము తొలగించితిననియు, అది నడచుచున్నది, వినుచున్నది, చూచుచున్నది, మందబుద్ధి యైనదే కాని యే యవయవమును పడిపోలేదనియు, కావున పటములన్నియు భ్రాంతులనియు నతడు చెప్పెను. ఫెరియర్ తన రెండు కోతులను ప్రవేశపెట్టెను. ఎడమవైపు చలనస్థానము తీసివేసిన మొదటిది కుడికాలీడ్చుచు, కుడిచేయి వ్రేలాడుచు రాగా, ఫ్రెంచి వైద్యులలో నగ్రగణ్యుడు షార్కో దానిని చూచి, ఇది రోగియే గదా యని యాశ్చర్యముతో పలికెనట. పక్షవాతపు రోగులను నిత్యము చూచువాని నోటినుండి వచ్చిన మాట గనుక దానికి సభలో విలువ హెచ్చు. రెండవ కోతికి వినికిడి స్థానములు తీసివేయబడినవి. దాని వెనుక టపాకాయవంటి దొకటి పేల్చగా సభ్యులదరిపడిరి గాని కోతి కదలలేదు.

వాదము నంతటితో విడువక, పండితుల సంఘ మొకటి కూర్చుండి, కుక్కను, కోతిని చంపి, మెదడులను పరీక్షించెను. గోల్ట్స్ కుక్కకు అతడనుకొనినంత భాగము పోలేదని తేలినది. ఫెరియర్ చెప్పినది చెప్పినచోట సరిపోయినది. విజయము ఖండవాదులదే. కాని యా విజయమునకు కొసమెఱుపు నవంబరులో వచ్చెను: జంతుహింసను నివారించు 1876 నాటి చట్టము క్రింద, అనుమతి లేక శస్త్రప్రయోగము చేసెనని జీవకారుణ్య సంఘము వారు ఫెరియర్‌ను న్యాయస్థానమున కీడ్చిరి. కత్తి పట్టినవాడు అనుమతి గల తన సహచరుడు యో గాని తాను కాదని రుజువై ఫెరియర్ బయటపడెను.

అయినను కుక్కకు మెదడు మిగిలెనన్నంతమాత్రమున ప్రశ్న తీరలేదు. మాటను చెఱచు గాయము నెలవును కనుగొనుట వేఱు, మాట నెలవును కనుగొనుట వేఱని లండన్ వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ అదివఱకే హెచ్చరించెను. ఈ హెచ్చరిక యీ రెండువందల యేండ్ల వాదములోని మాటలన్నిటిలో మిక్కిలి విలువైనదని నా యభిప్రాయము. 1891లో నింకను పేరు రాని సిగ్మండ్ ఫ్రాయిడ్ వాగ్లోపములపై నొక చిన్న గ్రంథమున వెర్నికే పటములను విమర్శించెను. అది కొలది ప్రతులుమాత్రమే అమ్ముడుపోయినది. 1906లో నదే బిసేత్ర్ ఆసుపత్రికి చెందిన పియేర్ మారీ, భద్రపఱచియుంచిన లెబోర్న్ మెదడును మరల చూచి, బ్రొకా చూపిన మడతకు వాక్కుతో ప్రత్యేక సంబంధమే లేదని ప్రకటించి కలకలము రేపెను.

అమెరికాలో ఖండవాదము వేఱొక రూపము తాల్చెను. 1913లో మనస్తత్త్వవేత్త వాట్సన్, మనస్సన్న మాటనే వెలివేసి, ప్రవర్తనమంతయు ప్రేరణకు ప్రతిక్రియ, ప్రతిక్రియకు మరల ప్రేరణ యను గొలుసు మాత్రమేనని చాటెను. అతని వద్ద శిక్షణ పొందిన కార్ల్ లాష్లే, గురువు చెప్పిన గొలుసు మెదడులో నే త్రోవన పోవుచున్నదో వెదకి పట్టుకొందమను నిష్కపటమైన యాశతో ఎలుకలకు చిక్కుదారులు నేర్పి, వాని మెదడు ఉపరిభాగమును ఒక్కొక్కదాని కొక్కొక్కచోట, కొంచెమునుండి సగమునకు పైగా, తొలగించి చూచెను. గొలుసు దొరకలేదు. ఎచ్చట కోసితిమన్నది ముఖ్యము కాలేదు. ఎంత కోసితిమన్నదే ముఖ్యమైనది. చిన్నమెదడు చెడి నడువలేని యెలుకలు సైతము దొర్లుచు దొర్లుచు సరియైన మలుపులే తిరిగి గమ్యము చేరినవి; అవి నేర్చుకొనినది కాళ్ల కదలికల వరుస యైనచో అట్లు చేరుట యసంభవము. 1929లో నీ ఫలితములను గ్రంథముగా ప్రకటించిన లాష్లే, మఱి యిరువదియేండ్లు వెదకి 1950లో, జ్ఞాపకమునకు చోటు కనబడకపోగా నేర్చుకొనుట యనునది అసలు సంభవమే కాదేమో యని పరిహాసముగా వ్రాసికొనెను. ఎలుక చిక్కుదారిని కంటితో, మీసములతో, పాదములతో, ముక్కుతో గూడ నేర్చుననియు, ఒకటి పోయిన వేఱొకటి యాదుకొనుననియు విమర్శకులు వెంటనే యెత్తిచూపిరి. ఆ విమర్శ న్యాయమే. మాట్లాడుటకు మనుష్యునికి రెండవ దారి లేదు. చిక్కుదారి దాటుటకు ఎలుకకు నాలుగు దారులున్నవి. పక్షులను, కుక్కలను, ఎలుకలను చూచినవారికి సమగ్రవాదమును, కోతులను, మాట పోయిన మనుష్యులను చూచినవారికి ఖండవాదమును సత్యముగా తోచుట కిది కొంతకారణము.

కొంతయే యని యేల యనవలెననగా, కుర్ట్ గోల్డ్‌స్టైన్ చూచినది మనుష్యులనే. పటములకు పుట్టినిల్లయిన వెర్నికే వద్దనే యతడు చదువుకొనెను. మొదటి ప్రపంచయుద్ధమున తలలకు గుండ్లు తగిలిన జర్మను సైనికులకై ఫ్రాంక్‌ఫుర్ట్‌లో వెలసిన సంస్థ అతని యధీనమున నుండెను. ఆ సైనికులు శవపరీక్షకు వచ్చినవారు కారు. తినుచు, పనిచేయుచు, తగవులాడుచు ఏండ్లకొలది యతని కన్నుల యెదుట బ్రతికినవారు. సుత్తియు మేకును చేతి కిచ్చినచో చక్కగా కొట్టగలవాడు, అవి తీసివేసి కొట్టునట్లు నటింపుమన్న చేష్టలుడిగి నిలిచెడివాడు. మంచు నల్లగా నున్నది అను వాక్యమును పలుకుమన్న, అది తెల్లన గదా యని పలుకనొల్లని వారుండిరి. వారి పెట్టెలలో ప్రతి వస్తువును కచ్చితముగా దాని చోటనే యుండెడిది. ఎవ్వరైన కదిపినచో వారి కల్లోలము చెప్పనలవి కాదు. ఇవన్నియు మెదడులోని గాయము పుట్టించిన లోపములే గావు, కొన్ని గాయపడిన మనుష్యుడు తనకు మిగిలిన శక్తితో బ్రతుకుటకై కట్టుకొనిన క్రొత్త యేర్పాట్లని గోల్డ్‌స్టైన్ గ్రహించెను. లక్షణములలో సగము రోగము చేసినవి, సగము రోగి చేసినవి. ఆరు దినములలో నిది కనబడదు.

అతని జీవితమున నొక విపరీతము గూడ కలదు. 1933లో నాజీలు యూదుడైన యతనిని బెర్లిన్ ఆసుపత్రినుండి నిర్బంధించి, దేశము విడుతునన్న యొడంబడికపై వదలిరి. ఆమ్‌స్టర్‌డామ్‌లో తలదాచుకొని, 1934లో నతడు ‘జీవి’ని గూర్చిన తన మహాగ్రంథమును ప్రకటించెను. జాతి యొక యఖండశరీరము, వ్యక్తి దానిలో నవయవము మాత్రమేయని చాటుచు, ‘సమగ్రత’ యను మాటను జెండాపై నెత్తికొనినవారే యా సమగ్రవాదిని తరిమివేసిరి. సమగ్రవాదమునకు 1926లో ‘హోలిజమ్’ అని పేరుపెట్టినవాడు, సత్యాగ్రహమున గాంధీతో తలపడిన దక్షిణాఫ్రికా జనరల్ స్మట్స్. ప్రపంచమంతయు సమగ్రమగుటకు ప్రయత్నించుచున్నదని వ్రాసిన యా హస్తమే వర్ణమునుబట్టి ప్రజలను విభజించు రాజ్యమును నడిపెను. ఖండవాదుల చేతులును శుభ్రములు కావు: పోర్చుగల్ వైద్యుడు మోనిజ్ 1935లో చిత్తవికారమునకు ముందుభాగపు తంతువులను కోయుట మందని ప్రారంభింపగా, 1949లో నోబెల్ బహుమాన మిచ్చి లోకము దానిని సన్మానించెను. గోల్డ్‌స్టైన్ అమెరికా చేరెను. జీవి తన శక్తులను సార్థకము చేసికొన జూచునన్న యతని భావమును మనస్తత్త్వవేత్త మాస్లో 1943లో స్వీకరించి, తన యవసరముల సోపానమున శిఖరముగా నిలిపెను. నేటి ఉద్యోగశిక్షణ తరగతులలో ఆ సోపానమును బల్లపై గీచువారికి దాని శిఖరము యుద్ధవైద్యశాలనుండి వచ్చినదని తెలియదు.

రష్యా దేశస్థుడు లూరియా, రెండవ ప్రపంచయుద్ధపు క్షతగాత్రులను చూచిన పిదప, కలహమును వేఱొక మార్గమునకు త్రిప్పెను. వ్రాయుట వంటి పని యొక చోట లేదు, అంతట నొక్కతీరున వ్యాపించియు లేదు. ధ్వనిని వేఱుపఱచుట, అక్షరమును తలచుట, చేతిని వరుసగా కదలించుట, ఏమి వ్రాయవలెనో మఱువకుండుట మెదడులో వేర్వేఱు చోట్ల జరుగుచు కలిసి వ్రాతయగును. ఏ చోటు చెడినను వ్రాత చెడును గాని, చెడు తీరు మాత్రము వేఱు వేఱు. జాక్సన్ హెచ్చరికకు దీనికంటె తగిన భాష్యము కనబడదు. 2007లో పరిశోధకులు లెబోర్న్ మెదడును అయస్కాంతయంత్రముతో చిత్రించిరి. బ్రొకా దానిని తరుగక యట్లే భద్రపఱుపనిచో నిది సాధ్యము గాకపోయెడిది. గాయము పైకి కనబడిన మడతతో ఆగక, లోతుగా చొచ్చుకొనిపోయి, దూరదూరపు భాగములను కలుపు తంతువులను తెంచివేసియుండెను.

శస్త్రవైద్యుడు మాత్రము ఈ వాదము తేలువఱకు వేచియుండజాలడు. వాక్‌స్థానములకు దాపున కంతి పెరిగినపుడు, ఆ స్థానములు మనిషి మనిషికి కొంత మాఱుచుండును గనుక, మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ స్థిరపఱచిన పద్ధతి ననుసరించి, రోగిని మెలకువగా నుంచి, మాటలాడించుచు, విద్యుత్తుతో నొక్కొక్కచోటు తాకి, మాట ఆగిపోయిన చోటును ముట్టక విడుతురు. 2017లో గుంటూరున నిట్టి మెలకువ శస్త్రచికిత్స యొకటి జరిగినది. బల్లపైనున్న రోగికి భయము కలుగకుండ వైద్యులామెకు ‘బాహుబలి’ రెండవభాగము చూపిరనియు, కపాలము తెరచియుండగనే యామె యా సినిమా పాటను కూనిరాగము తీసెననియు పత్రికలు వ్రాసినవి.